పులివాగు నీళ్ళు

కిందటి వారం దీవెనని చింతగొంది బస్సులో కూర్చోబెట్టి వదిలేశాం. అన్నయ్యతో తేల్చుకోవాలని బయల్దేరింది. సొంత అన్నయ్య మీద అంత కోపం ఎందుకో మరచిపోయినవాళ్ళ కోసం నాలుగు మాటలు.

రెండువేల మూడు, మే నెల. కొల్లేటి నడుమ ఉన్న మొండిలంకలో మంచినీళ్ళ చెరువు అడుగంటింది. ఉప్పుటేరు మీదుగా సముద్రపు ఉప్పు సరస్సులోకి ఎగదన్నింది. ఎక్కడ బోరు వేసినా నోట పెట్టలేని నీళ్ళే. అక్కడి మిషన్ బడిలో దీవెన టీచరు. భర్త హెన్రీ చేపల చెరువులు లీజుకి చేస్తాడు. ఆమె పుట్టిల్లు చింతగొంది. అటవీ కొండల మొదట్లో, పులివాగు మైదానంలోకి దిగేచోట ఉంటుంది ఆ ఊరు. అన్నయ్య బాలస్వామి అక్కడి చర్చికి సంఘపెద్ద. వాగు సన్నబడుతోందని తెలిసి ఊరంతా ముందే ఇసక బస్తాలతో అడ్డుకట్ట వేసుకుని, ఊట నీళ్ళు ఒక మడుగుగా నిలబెట్టుకున్నారు. దీవెన వెళ్ళి అన్నయ్య కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. బాలస్వామి ఊరిని ఒప్పించాడు. మొండిలంక తాగడానికి మడుగులోంచి టాంకర్లు నింపుకోవచ్చన్నాడు. బళ్ళు హెన్రీ మాట్లాడాడు. మూడంటే మూడు టాంకర్లు వచ్చాయి. తర్వాత రావడం మానేశాయి. "మీ అన్నయ్య మాట తప్పాడు దీవెనా. నేనేం చెయ్యను?" అన్నాడు హెన్రీ.

ఏలూరులో ఉంటున్న రిటైర్డ్ ఇంజినీరు శివరామయ్యగారు మాత్రం ఆమెకి వేరే సంగతి చెప్పారు. "వాన మొత్తం మీద పెద్దగా తగ్గలేదమ్మా. వాన తీరు మారింది. ఇదివరకు కొండ మీద ముసురు పట్టి రోజుల తరబడి సన్నగా కురిసేది. ఆకు కింద నేల దాన్ని తాగి దాచుకునేది. ఆ దాచుకున్నదే ఎండాకాలం ఊటగా వదిలేది. ఇప్పుడు ఏడాది వాన అంతా రెండు మూడు దెబ్బల్లో పడి ఎర్రగా కొట్టుకుపోతోంది. ఎండలేమో ముందే మొదలవుతున్నాయి. కొండ లోపల ఖాళీ. ఆ మడుగు తోడేస్తే మళ్ళీ ఊరడానికి వెనకాల ఏమీ లేదు. మీ అన్నయ్యగారు ఆపేశారంటే అందులో తప్పేం లేదు."

దీవెనకి ఆ మాట ఎక్కలేదు. తన బడి పిల్లలు ఆకుపచ్చ నీళ్ళు తాగి ఒక్కొక్కరే మంచం పడుతుంటే ఎవరికైనా ఎలా ఎక్కుతుంది? అన్నయ్య బడికి ఫోన్ చేసినప్పుడు నోటికొచ్చినన్ని మాటలంది. అదీ చాలక, ముఖం మీదే అడగాలని బయల్దేరింది.

*

బస్సు చింతగొంది అడ్డరోడ్డు దగ్గర ఆమెని దింపి, దుమ్ము మీదకొదిలి వెళ్ళిపోయింది. అక్కణ్ణించి నడక. రోడ్డు పక్క జీడిమామిడి తోటలు ఆకులు ముడుచుకుని నిలబడ్డాయి. కొండ మీద వెదురంతా ఎండి, తుప్పు పట్టిన ఇనప చువ్వల్లా ఉంది. ఆ ఏడాది కొండకి నిప్పు కూడా అంటుకుంది. నల్లటి చారలు దూరానికే కనిపిస్తున్నాయి. చిన్నప్పుడు మేలో కూడా ఈ దారిన చల్లటి గాలి వీచేదని దీవెనకి గుర్తుంది. ఇప్పుడు గాలి లేదు. ఉన్న కాస్తా పొయ్యి ముందు కూర్చున్నట్టుంది.

ఎదురుగా టాంకరు వచ్చింది.

ఆమె పక్కకి తప్పుకుంది. నీలం రంగు టాంకరు. వెనకాల మూత దగ్గర నీళ్ళు కారుతున్నాయి. మొండిలంకకి మొదటిసారి వచ్చింది ఈ బండే. ఆ రోజు పాస్టరుగారు దాని ముందు నిలబడి ప్రార్థన చేశారు. డ్రైవరు ఆమెని చూశాడు. చూసి ముఖం తిప్పుకుని గేరు మార్చాడు.

దీవెన అక్కడే నిలబడిపోయింది. టాంకర్లు ఆగలేదన్నమాట! ఇంకా నింపుతున్నారన్నమాట! మా ఊరికి ఆపేసి, అన్నయ్య ఇంకెవరికో అమ్ముకుంటున్నాడన్నమాట!

ఆమె నడవలేదు, దాదాపు పరిగెత్తింది.

ఇంటి ముందు పందిరి కింద బాలస్వామి నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. చెల్లెల్ని చూసి లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చున్నాడు. గుమ్మంలో వదిన రాజరత్నం గోడకి ఆనుకుని ఉంది. రా అనలేదు.

"ఎవరికి అమ్ముతున్నావు అన్నయ్యా?"

బాలస్వామి మంచం మీద పక్కకి జరిగి చోటిచ్చాడు.

"దారిలో చూశాను. బండి నిండా నీళ్ళు. నేను కాళ్ళు పట్టుకుని అడిగితే మూడు బళ్ళు పంపి చేతులు దులుపుకున్నావు. అక్కడ పిల్లలు పేగులు బయటికొచ్చేలా కక్కుతున్నారు. నువ్వు ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర నిలబడి వాక్యం ఎలా చదువుతున్నావు?"

"కూర్చో అమ్మాయ్," అన్నాడు బాలస్వామి.

"కూర్చోను."

రాజరత్నం లోపలికి వెళ్ళింది. ఒక స్టీలు గ్లాసుతో వచ్చి దీవెన చేతికిచ్చింది. నీళ్ళు మడ్డిగా, గోధుమ రంగులో ఉన్నాయి. అడుగున ఇసక తేరుకుంటోంది.

"తాగండి వదినా. ఎండనపడి వచ్చారు. మీ మేనకోడలు తవ్విన చలమలో నీళ్ళే ఇవి."

"బిందు వచ్చిందా?" దీవెన గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. బిందు ఆమె దగ్గరే ఉండి పదో తరగతి వరకూ చదివింది. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. "సెలవులిచ్చారా? ఏదీ? నాకొక్క ఫోనన్నా చెయ్యలేదే!"

"వచ్చింది," అంది రాజరత్నం. "అదుగో, అక్కడుంది."

ఆమె చెయ్యి చూపించిన వైపు చర్చి ఉంది. చర్చి వెనక చింతచెట్ల కింద సమాధులున్నాయి. చివర్న ఒకటి ఇంకా గడ్డి మొలవని ఎర్రమట్టి కుప్ప. పైన వెదురుతో కట్టిన సిలువ.

దీవెనకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. గ్లాసు చేతిలోంచి జారింది. రాజరత్నం వంగి, ఒలికిన నీళ్ళ వంక చూసి, గ్లాసు తీసుకుని లోపల పెట్టి వచ్చింది.

"మడుగు అడుక్కొచ్చేసిందమ్మాయ్," అన్నాడు బాలస్వామి. అతని గొంతులో ఏ ఎత్తుపల్లాలూ లేవు. "ఊరందరూ వాగులో చలమలు తవ్వుకోవడం మొదలెట్టారు. ముందు మోకాలి లోతున నీళ్ళు పడేవి. తర్వాత నడుం లోతు. తర్వాత మనిషి దిగి, చెంబుతో తోడి పైకి అందించాల్సొచ్చింది. వాళ్ళమ్మ లావుగా ఉంటుందని బిందు దిగింది. నేను దిగుతానమ్మా, నువ్వు పట్టవు అని నవ్విందంట. పొడి ఇసక కదా. ఒక పక్క జారింది. రెండో పక్కా జారింది. వాళ్ళమ్మ చేతులతోనే తవ్వింది. మేం వెళ్ళేసరికి..."

రాజరత్నం తన చేతులు ముందుకు చాపి ఆడపడుచుకి చూపించింది. గోళ్ళు లేవు. వేళ్ళ చివర్లు నల్లగా ఎండిపోయి ఉన్నాయి.

"నాకు చెప్పలేదేం?" దీవెన ఆ వేళ్ళ మీంచి చూపు తిప్పుకుని అన్నయ్య వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలేదు అన్నయ్యా?"

"చెబుదామనే ఫోన్ చేశాను."

దీవెనకి ఆ ఫోను గుర్తొచ్చింది. సెలవులైనా ఫోను కోసం తెరిచి ఉంచే హెడ్మాస్టరు గదిలో రిసీవరు చెవిన పెట్టుకోగానే "అమ్మాయ్, ఒక్క మాట" అన్నాడు అన్నయ్య. ఆ ఒక్క మాట అతన్ని అననిచ్చిందా? "నీ మాట నాకక్కర్లేదు. మా పిల్లల ఉసురు పోసుకున్నావు. రేపు నీ బిడ్డ గొంతెండి అల్లాడినప్పుడు నీకు తెలుస్తుంది" అంది. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు. తప్పు చేశాడు కనకనే నోరు లేవలేదనుకుంది. ఆ పూట కసి తీరినట్టయి, కడుపు నిండా అన్నం తింది.

"శవం ఇంట్లో పెట్టుకుని చేశారాయన ఆ ఫోను," అంది రాజరత్నం. "వచ్చి నాతో ఏమన్నారో తెలుసా? చెల్లాయికి ఒంట్లో బాగాలేదంట, రాలేదంట అన్నారు. మీరన్న మాటలు నాకు చెప్పలేదు. కొట్టు అబ్బులు చెప్పాడు. రిసీవర్లోంచి మీ అరుపు కొట్టంతా వినబడిందంట."

దీవెన నేల మీద కూలబడింది. వదిన పాదాలు పట్టుకోబోతే రాజరత్నం పాదాలు వెనక్కి లాక్కుంది. ఆ లాక్కోవడంలో కోపం కూడా లేదు. తేలునో జెర్రినో చూసి తప్పుకున్నట్టు తప్పుకుంది, అంతే.

"బావగారు వచ్చారు కదా," అన్నాడు బాలస్వామి. "డ్రైవరు చేత కబురంపితే ఆయన వెంటనే కారేసుకుని వచ్చారు. పెట్టె మోశారు. గుప్పెడు మట్టి వేశారు. ఒంట్లో బాగాలేదు, అందుకే తనని తీసుకురాలేదని ఆయన కూడా అన్నారు. అదే నిజమేమో, కోపంలో కాదు, జ్వరంలో అలా అని ఉంటావని నేనూ సరిపెట్టుకున్నాను."

దీవెన తలెత్తింది.

"ఎవరొచ్చారు?"

"హెన్రీగారు."

"బిందు సమాధికా?"

"నీకు చెప్పలేదా?"

ఆ రోజు ఏదో, ఆమె లెక్కేసుకుంది. హెన్రీ తెల్లచొక్కా మీద ఎర్రమట్టి మరకలతో ఇంటికొచ్చాడు. ఎక్కడిదీ మట్టి అని అడిగితే, కొత్త చెరువు గట్టు వేయిస్తున్నానన్నాడు. ఆమే ఆ చొక్కా నానబెట్టి ఉతికింది. అంత ఎర్రమట్టి కొల్లేట్లో ఎక్కడుంటుందని కూడా తనకి తోచలేదు.

బాలస్వామి మాట్లాడుతూనే ఉన్నాడు. చాలా రోజులుగా దాచిపెట్టుకున్నవాడిలా. "మట్టివేసి వచ్చాక ఊళ్ళోవాళ్ళు టాంకర్లు ఆపెయ్యమన్నారు. నేనే వద్దన్నాను. బావగారు చెప్పారు, మొండిలంకలో రోజుకో పిల్ల పోతోంది, ఈ నీళ్ళే మాకు ఆధారమని. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారమ్మాయ్. నా బిడ్డ ఎలాగూ పోయింది, నీ బడి పిల్లలన్నా బతకనీ అనుకున్నాను. ఊరికి నేను ఎదురు నిలబడి మరీ పంపించాను. రోజుకి నాలుగైదు బళ్ళు. నిన్నటితో మడుగులో బురద తేలింది. ఇప్పుడు నువ్వు చూసిందే ఆఖరి బండి."

దీవెన పెదవులు కదిపింది. ఈ మాట అనకపోతే ఎంత బాగుండును అనిపించింది. అనక తప్పదు.

"మా ఊరికి మూడు బళ్ళే వచ్చాయి అన్నయ్యా."

బాలస్వామి ఆమె వంక చూశాడు.

"మూడే. ఆ తర్వాత ఒక్క చుక్క రాలేదు. నువ్వు ఆపేశావన్నారు. అందుకే నేను ఫోన్లో..."

ఎదురింటి ముందు ఒక కుక్క ఖాళీ తొట్టిని నాకుతోంది. దాని నాలిక సిమెంటు మీద గీసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. బాలస్వామి ముఖం మొదట ఖాళీగా ఉంది. తర్వాత వేళ్ళ మీద బళ్ళు లెక్కపెట్టుకున్నాడు. కూతురు పోయినప్పుడు కూడా అందరి ముందూ ఏడవని మనిషి, రెండు చేతులతో నోరు మూసుకుని, ఆవు అరిచినట్టు ఒక్క అరుపు అరిచాడు.

రాజరత్నం ఏడవలేదు. దీవెన ముందుకొచ్చి నిలబడింది.

"అయితే వదినా, నా కూతురు ఎవరి దాహం తీర్చడానికి చచ్చిపోయింది? అదొక్కటీ కనుక్కుని వచ్చి చెప్పండి. అది తెలిస్తే చాలు నాకు. ఇంకేం అడగను."

అని, గోడ వారనున్న బిందె చంకనెత్తుకుంది. చలమల్లోనూ నీళ్ళు తగ్గిపోయాక ఆడవాళ్ళందరూ కొండెక్కి, ఊట పుట్టే బండ దగ్గర కూర్చుంటున్నారు. బండ పగుల్లోంచి బొట్టు బొట్టుగా జారే నీటికి వంతులేసుకుని, పొద్దుగూకేదాకా ఒక్కో బిందే నింపుకుని దిగుతున్నారు. రాజరత్నం వెనక్కి చూడకుండా ఆ దారి పట్టింది.

"రేపు ఏలూరు వెళ్దాం," అన్నాడు బాలస్వామి కొంతసేపటికి. "కలెక్టరాఫీసులో జరిగింది జరిగినట్టు చెబుదాం. నా మాట ఒక్కడిదే అయితే నమ్మరు. నువ్వు వచ్చి చెప్తావా అమ్మాయ్, మీ ఆయన మీద?"

"చెప్తాను," అంది దీవెన. "ముందు ఆ నీళ్ళు ఎక్కడికి పోయాయో చూసొస్తాను."

*

నీలం టాంకరు అడ్డరోడ్డులో టైరు మార్చుకుంటూ దొరికింది. దీవెన ఏమీ అడక్కుండా తలుపు తీసి ఎక్కి కూర్చుంది.

"దిగండమ్మా. అయ్యగారు నన్ను చంపేత్తారండీ," అన్నాడు డ్రైవరు.

"ఈ నీళ్ళు ఎక్కడికి తీసుకెళ్తున్నావో అక్కడికి నన్నూ తీసుకెళ్ళు. లేకపోతే దిగి, ఈ ఊరివాళ్ళని పిలుస్తాను."

అతను టైరు బిగించి బండెక్కాడు. దారి పొడవునా రోడ్డు వంకే చూస్తూ నడిపాడు. భీమడోలు దాటాక బండి కొల్లేటి వైపు తిరగలేదు. రైల్వే గేటు పక్క సందులోకి తిరిగి, ఎత్తైన ప్రహరీ ఉన్న రేకుల షెడ్డు ముందు ఆగింది. గేటు తీయగానే చల్లటి గాలి వచ్చి దీవెన ముఖాన కొట్టింది. ఆ గాలిలో అమ్మోనియా వాసన.

ఐసు ఫ్యాక్టరీ.

లోపల నేలంతా తడి. గొట్టంలోంచి నీళ్ళు డబ్బాల్లోకి ధారగా పడుతున్నాయి. నిండిన డబ్బాలు గడ్డకట్టించే ఉప్పునీటి తొట్టిలోకి దిగుతున్నాయి. గడ్డకట్టిన దిమ్మల్ని కొక్కేలతో లాగి క్రషర్లో వేస్తున్నారు. బయట లారీల్లో బొచ్చె, శీలావతి చేపల్ని ట్రేల నిండా పేర్చి, పొర మీద పొరగా ఐసు చల్లుతున్నారు. ఆ ఎండకి చెరువుల్లో చేపలు ఊపిరాడక తేలిపోతుంటే, చచ్చేలోపు పట్టేసి కలకత్తా పంపేస్తున్నారు. మూల పడ్డ ఐసు ముక్కలు మురిక్కాలవలోకి కరిగి పారుతున్నాయి.

ఆ కాలవ ముందు దీవెన నిలబడి చూసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి.

హెన్రీ ఆఫీసు గదిలో కూలరు ముందు కూర్చుని ఉన్నాడు. భార్యని చూసి ఒక్క క్షణం తడబడి, లేచి కుర్చీ జరిపాడు.

"ఇంత ఎండలో ఎందుకొచ్చావు? కూర్చో. మజ్జిగ తెప్పించనా?"

"ఇది ఎవరిది?"

"తాతారావుగారిది. నాకు కొంచెం వాటా ఉందిలే." అతని గొంతు మామూలుగానే ఉంది. "ఇక్కడి బోరు మార్చి నెల్లోనే ఉప్పుదేలిపోయింది. ఉప్పునీళ్ళతో ఐసు కట్టదు. కట్టినా లారీ రాజమండ్రి దాటకుండానే కరిగిపోతుంది. చెరువుల్లో చేపలు పట్టే ఈ టైములో ఐసు లేకపోతే చేపంతా పాతిపెట్టుకోవాల్సిందే. అక్కడెక్కడో మడుగులో ఊరికే ఆవిరైపోయే నీళ్ళు, తెచ్చుకున్నాం."

"మొండిలంక పేరు చెప్పి?"

"నా పేరు చెప్తే మీ అన్నయ్య బిందెడిస్తాడా? నువ్వు ఏడ్చావు కాబట్టి ఇచ్చాడు. నువ్వు నిజంగానే ఏడ్చావు. అదే పనికొచ్చింది."

అతను దాన్ని మెచ్చుకోలుగా అన్నాడు. దీవెన కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"బిందు పోయింది."

"తెలుసు."

"పెట్టె మోశారంట."

"మోయకపోతే బాగుంటుందా? ఎంతైనా మన ఇంట్లో పెరిగిన పిల్ల. నాకూ బాధేసింది దీవెనా."

"బాధేసి, తిరిగొచ్చేటప్పుడు టాంకరు నింపించుకొచ్చారా?"

హెన్రీ బల్ల మీద పేపర్‌వెయిట్ సవరించాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు వెళ్తావు. వెళ్తే మూడు బళ్ళే వచ్చాయని అక్కడ చెప్తావు. సీజను ఇంకా కొన్నాళ్ళుంది. ఈ పని అయ్యాక మెల్లగా చెబుదామనుకున్నాను." అని ఆగి, ఎంతో సహనంగా చూశాడు. "చెప్తే మాత్రం బతికొస్తుందా చెప్పు?"

ఇంతకాలం ఈ మనిషి కంచంలో అన్నం పెట్టి, పక్కన కూర్చుని విసిరాను కదా అనుకుంది దీవెన. ఆ పిల్లకి లెక్కలు చెప్పింది ఇతనే. అర్థం కాకపోతే మళ్ళీ మళ్ళీ, విసుగు లేకుండా చెప్పేవాడు. ఇప్పుడూ అదే గొంతు.

"రేపు అన్నయ్యతో ఏలూరు వెళ్తున్నాను," అంది. "కలెక్టరాఫీసులో అన్నీ చెప్తాను. మొండిలంక పేరూ, ఈ ఫ్యాక్టరీ పేరూ, మీ పేరూ."

మొట్టమొదటిసారి హెన్రీ ముఖంలో రంగు మారింది. లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఇంక చెప్పి ఏం లాభం? మడుగు అయిపోయింది. డ్రైవరు పొద్దున్నే చెప్పాడు. అందుకే తాతారావుగారు క్వారీ మనుషుల్ని తీసుకుని కొండ మీదికెళ్ళారు. ఊట పుట్టే బండ ఉంది కదా, దాని వెనకాల బోలెడు నీళ్ళుంటాయని ఎవరో చెప్పారు. వెనక వైపు నుంచి ఎక్కి, మందు పెట్టి బండ పేల్చేస్తే ఊట పెద్దదవుతుంది. అప్పుడు మీ ఊరికీ నీళ్ళే, మాకూ నీళ్ళే."

"దాని వెనకాల ఏమీ లేదు! కొండ ఖాళీగా ఉంది! శివరామయ్యగారు..." అని, దీవెన సగంలో ఆగిపోయింది. చంకన బిందెతో కొండదారి పట్టిన రాజరత్నం కళ్ళ ముందు కదిలింది. "ఎప్పుడు పేలుస్తారు?"

"ఈ మధ్యాహ్నమే. ఎండకి కొండ మీద ఎవరూ ఉండరని."

"ఆడవాళ్ళందరూ అక్కడే ఉన్నారు!" అని అరిచింది. "ఊరి ఆడవాళ్ళంతా ఆ బండ కిందే కూర్చున్నారు. వదిన అక్కడే ఉంది. ఫోన్ చెయ్యండి. తాతారావుగారికి చెయ్యండి!"

"ఆ కొండల్లో సెల్లు పలకదు."

"అబ్బులు కొట్టుకి చెయ్యండి. ఎవరినన్నా పరిగెత్తించమనండి!"

ఆమె ఫోను అందుకోబోయింది. అంతకంటే ముందే హెన్రీ అరచెయ్యి రిసీవరు మీద పడింది. బలంగా కూడా కాదు. ఊరికే అలా పెట్టాడు. తొట్టిలో ఐసు డబ్బాలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు గోడ అవతల్నించి వినిపిస్తోంది.

"చేస్తాను," అన్నాడు. "ఇప్పుడే చేస్తాను. నువ్వొక్క మాట చెప్పు ముందు. రేపు ఏలూరులో ఏం చెప్తావు?"

దీవెనకి అతను అడుగుతున్నది నమ్మబుద్ధి కాలేదు.

"అక్కడ మనుషులున్నారండీ!"

"అందుకే తొందరగా చెప్పు. టాంకర్లన్నీ మొండిలంకకే వచ్చాయి, నీ కళ్ళతో నువ్వే చూశావు. బిందు చలమలో పడటానికీ టాంకర్లకీ సంబంధం లేదు. కూతురు పోయిన దుఃఖంలో మీ అన్నయ్యకి మతి చలించింది. అంతే. ఈ మూడు మాటలు. బైబిలు మీద ప్రమాణం చేసి చెప్పు. నువ్వు దేవుడి మీద ఒట్టేసి తప్పవని నాకు తెలుసు."

ఆమె అతని మణికట్టు పట్టుకుని లాగింది. రెండు చేతులతో లాగింది. వంగి కొరికింది. హెన్రీ పళ్ళు బిగించుకున్నాడు గానీ చెయ్యి తియ్యలేదు. గోడ గడియారం వైపు చూపు తిప్పి, మళ్ళీ భార్య వైపు చూశాడు.

అన్నయ్యని పిచ్చివాడనాలి. సమాధి మీద మట్టి ఆరకముందే బిందు చావుకీ టాంకర్లకీ సంబంధం లేదనాలి. వదినకి తెచ్చివ్వాల్సిన జవాబు, ఈ నోటితోనే పూడ్చెయ్యాలి. అనకపోతే ఆ వదినే ఉండదు.

"ప్రమాణం చేస్తున్నాను," అంది దీవెన. "మీరు చెప్పమన్నట్టే చెప్తాను. దేవుడి తోడు. చెయ్యండి!"

హెన్రీ చెయ్యి తీశాడు. నెంబరు తిప్పి, రెండుసార్లు మోగాక రిసీవరు ఆమెకే అందించాడు. కొరికినచోట నెత్తురు కారుతుంటే జేబురుమాలుతో అద్దుకుంటూ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"హలో, అబ్బులండి," అవతలి గొంతు తాపీగా పలికింది. "ఎవరండీ?"

"అబ్బులూ, నేను దీవెనని. బాలస్వామిగారి చెల్లెల్ని. కొండ మీదికి ఎవరినన్నా పరిగెత్తించు. ఊటబండ దగ్గర ఆడవాళ్ళున్నారు కదా, వాళ్ళని కిందికి..."

"ఆడవాళ్ళేంటండీ, బాలస్వామిగారు కూడా ఇప్పుడే ఎక్కారండీ. వాళ్ళావిడకి బిందె మోయడం కష్టమని చెప్పి..."

అబ్బులు మాట పూర్తి కాలేదు. రిసీవర్లోంచి మొదట కొట్టులో సీసాలు గలగలలాడిన చప్పుడు వచ్చింది. ఆ వెనకాలే, ఎక్కడో దూరాన, కొండ కదిలినట్టు ఒక్క మోత.

"అబ్బులూ! అబ్బులూ!"

అవతల రిసీవరు వదిలేసి పరిగెత్తినట్టున్నాడు. తీగ ఇంకా కలిసే ఉంది. దీవెన రిసీవరుని చెవికి గట్టిగా అదుముకుంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత చాలా దూరం నుంచి, ఒకరి తర్వాత ఒకరు, ఆడవాళ్ళ గొంతులు మొదలయ్యాయి. వాటిలో వదిన గొంతు ఉందా లేదా అని ఆమె ఊపిరి బిగబట్టి వింటోంది.